జాతర లేని మేడారం

మేడారం చిన్న కోయ ఊరు. చుట్టూ ఏటూరునాగారం అభయారణ్యం, పక్కనే జంపన్నవాగు, చూపు మేరలో చిలకలగుట్ట. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి రోజుల్లో నాలుగు రోజులపాటు లక్షల జనం ఇక్కడికి వస్తారు. మిగతా కాలమంతా ఇక్కడ కోళ్లు కూసే చప్పుడు, ట్రాక్టర్ల చప్పుడు, గద్దెల దగ్గర కొబ్బరికాయల దుకాణాల బేరాలు మాత్రమే వినిపిస్తాయి. తెలంగాణలో మేడారం పేరు తెలియని ఇల్లు లేదు. అయితే చూశామని చెప్పేవారిలో ఎక్కువమంది చూసింది జాతరనే. ఊరు వారి కంట పడి ఉండదు. ఊరు చూడాలంటే జాతర లేని నెలల్లో రావాలి.

పరిపాలనలో ఈ ఊరి చిరునామా రెండుసార్లు మారింది. 2016 అక్టోబరు 11న ఉమ్మడి వరంగల్ జిల్లా నుంచి జయశంకర్ భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ జిల్లాలు విడివడినప్పుడు మేడారం భూపాలపల్లిలో చేరింది. 2019 ఫిబ్రవరి 17న ములుగు వేరు జిల్లా అయ్యాక అందులోకి వెళ్లింది. మండలం పేరు సమ్మక్క సారలమ్మ తాడ్వాయి, వాడుకలో వట్టి తాడ్వాయే. ఈ జిల్లాల గీతలకు అడవితో పెద్దగా పని లేదు. మహబూబాబాద్ జిల్లాలోని కొత్తగూడ, గంగారం మండలాల నుంచి తాడ్వాయి మీదుగా భూపాలపల్లి జిల్లాలోని మహాముత్తారం, పలిమెల దాకా ఊళ్లు, పొలాలు మధ్యలో తగిలినా అడవి తెగిపోదు.

ఈ అడవిలోని గుట్టలు హిమాలయాల కొండల వంటివి కావు. మంచు శిఖరాల కోసం వచ్చేవారికి ఇక్కడ నిరాశే. ఇవి గోదావరి లోయ అంచున ఉన్న పొట్టి గుట్టలు. ఎత్తు తక్కువే అయినా వయసులో ఆల్ప్స్‌కు ముత్తాతలు. గంగారం, కొత్తగూడ వైపు కనిపించే శిలల శ్రేణికి పాకాల చెరువు పేరే పెట్టారు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన ‘పాకాల’ పేరు పుస్తకాల్లో ఇప్పటికీ నడుస్తోంది. గోదావరికి దగ్గరయ్యే కొద్దీ ఆ రాళ్లు పోయి, వాటి తర్వాతి కాలపు గోండ్వానా ఇసుకరాళ్లు వస్తాయి. భూపాలపల్లిలో సింగరేణి తవ్వుతున్న బొగ్గు ఈ గోండ్వానా పొరల్లోదే. రేగొండ మండలంలోని పాండవుల గుట్టల్లో ఆదిమ మానవుడు ఎర్రరంగుతో బొమ్మలు గీసుకున్నది కూడా ఇసుకరాతి గోడల మీదే. నేల కింద కదలిక పూర్తిగా ఆగిపోలేదు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం ఇటు హైదరాబాద్ దాకా, అటు విజయవాడ దాకా తెలిసింది.

రాకపోకలకు ప్రధాన దారి 163వ జాతీయ రహదారి. హైదరాబాద్ నుంచి జనగామ, హనుమకొండ, ములుగు, పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం మీదుగా ముల్లకట్ట వంతెన దగ్గర గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్‌లోకి పోతుంది. హనుమకొండ నుంచి మేడారం సుమారు 100 కిలోమీటర్లు. జనగామ నుంచి బయలుదేరేవారు మరో 60 కలుపుకోవాలి. పస్రా దాటాక రోడ్డుకు రెండు వైపులా టేకు, నల్లమద్ది, వెదురు దగ్గరవుతాయి. తాడ్వాయి దగ్గర ప్రధాన రహదారి వదిలి ఎడమకు తిరిగితే 14 కిలోమీటర్లు, నిఖార్సయిన అడవి దారి. పస్రా నుంచి నార్లాపూర్ మీదుగా మరో దారి ఉంది. భూపాలపల్లి వారికి కమలాపూర్ క్రాస్, గొల్లబుద్దారం, బయ్యక్కపేట మీదుగా అడ్డదారి ఉంది. కాళేశ్వరం, మహదేవపూర్ వైపు నుంచి కాల్వపల్లి మీదుగా వస్తారు. జాతరలో వాహనాలు తిరిగి వెళ్లడానికి వాడే గొల్లబుద్దారం దారిలో మామూలు రోజుల్లో అరగంటకు ఒక బండి ఎదురైతే గొప్ప. అడవి చూడాలనుకునేవారికి అన్నిటికన్నా మంచి దారి అదే.

ఊళ్లో అడుగుపెట్టగానే కనిపించేవి సమ్మక్క, సారలమ్మ గద్దెలు. విగ్రహం లేదు, గర్భగుడి లేదు. దేవతలకు ఆనవాళ్లు వెదురు కర్రలు, కుంకుమ భరిణె. పక్కనే పగిడిద్దరాజు, గోవిందరాజుల గద్దెలు. ఈ ప్రాంగణాన్ని రాతితో తిరిగి కట్టే పనిని ప్రభుత్వం 2025లో చేపట్టింది. కోయల గొట్టు, గోత్రాల గుర్తులను రాతిపై చెక్కించాలన్నది అందులో ఒక భాగం. జాతర లేని రోజుల్లోనూ బుధ, గురు, శుక్ర, ఆదివారాల్లో మొక్కులు చెల్లించుకునేవారు వస్తూనే ఉంటారు. జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ వైపు నుంచి ఆటోల్లో, ట్రాలీల్లో మేకపోతుతో సహా దిగి, చెట్ల కింద పొయ్యి పెట్టి, వండుకు తిని సాయంత్రానికి వెళ్లిపోతారు. ‘బంగారం’ అని పిలిచే బెల్లాన్ని నిలువెత్తు తూచి ఇచ్చే తక్కెళ్లు అన్ని కాలాల్లోనూ ఉంటాయి.

గద్దెల వెనక అసలు ఊరు మొదలవుతుంది. సమ్మక్క పూజ సిద్దబోయిన వంశం వారిది. సారలమ్మ పూజ మూడు కిలోమీటర్ల దూరంలోని కన్నెపల్లిలో కాక వంశం వారిది. వడ్డెలనే ఈ పూజారులు జాతర లేనప్పుడు రైతులే. వాన పడితే నాట్లకు, ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకుకు పోతారు. ఊళ్లోని గిరిజన మ్యూజియంలో కోయల ఇల్లు, పనిముట్లు, ఆచారాలు చూపించారు. అది చూసి కన్నెపల్లి వీధిలో నడిస్తే బొమ్మకు, బతుకుకు మధ్య ఎంత మారిందో కూడా తెలుస్తుంది. పెంకుటిళ్ల మధ్య స్లాబు ఇళ్లు లేచాయి, పైన డిష్ యాంటెన్నాలు ఉన్నాయి. సమ్మక్కను తెచ్చే చిలకలగుట్టను దూరం నుంచి చూడాల్సిందే. దాని మీదికి వడ్డెలకే దారి. ఆ కట్టుబాటును కొలమానంగా తీసుకుంటే, చూడటానికి వచ్చేవారికి ఊరు ఎంతవరకు తెరిచి ఉందో అర్థమవుతుంది. ఇక్కడ అన్నీ చూడదగినవే, అన్నీ తొక్కదగినవి కావు.

కథ అందరికీ తెలిసిందే. కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయ దొరలపై కాకతీయ ప్రతాపరుద్రుడి సేన విరుచుకుపడటం, సమ్మక్క భర్త పగిడిద్దరాజు, అల్లుడు గోవిందరాజు, కూతురు సారలమ్మ నేలకొరగటం, కొడుకు జంపన్న సంపెంగవాగులో (ఇప్పటి జంపన్నవాగులో) దూకటం, సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమవటం. ఈ కథను మోసుకొచ్చినవి రాజుల ప్రశస్తులు కావు, డోలి కోయల పాటలు. బొమ్మలు కుట్టిన పడిగె గుడ్డను ముందు నిలిపి, డోలు వాయిస్తూ రాత్రుళ్లు పాడే వంశ చరిత్రలవి. ఆ పాటను కడదాకా కాపాడిన మణుగూరు మండలం కూనవరం కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు.

ఆ కథలో మహబూబాబాద్ జిల్లాకు పెద్ద వాటా ఉంది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు గుడి గంగారం మండలం పూనుగొండ్లలో ఉంది. పెనక వంశం వారు పూజారులు. జాతర ముందు ఆ ఊరివారు పగిడిద్దరాజును పడిగె రూపంలో తీసుకుని కాలినడకన బయలుదేరుతారు. గుట్టలు ఎక్కి, వాగులు దాటి, మధ్యలో రాత్రి బస చేసి, 60 కిలోమీటర్లకు పైగా నడిచి బుధవారం నాటికి మేడారం చేరతారు. అదే రోజు ఏటూరునాగారం మండలం కొండాయి నుంచి గోవిందరాజు, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తారు. గురువారం ఉదయం అడవి నుంచి కంకవనం, అంటే వెదురు కర్రలు, సాయంత్రం చిలకలగుట్ట నుంచి సమ్మక్క. ఆ గుట్ట దిగుతున్నప్పుడు పోలీసు అధికారి గాల్లోకి తుపాకి పేల్చి వందనం చేస్తారు. ప్రభుత్వం 1996లో రాష్ట్ర పండుగగా గుర్తించిన జాతరలో ప్రభుత్వ ముద్ర బాగా కనిపించేది ఆ క్షణంలోనే. మిగతా తంతంతా నాలుగైదు ఊళ్ల వడ్డెల చేతుల్లోనే నడుస్తుంది.

జాతర పేరు వినని రోజున పూనుగొండ్లకు వెళితే ఏజెన్సీ పల్లె అంటే ఏమిటో మేడారంలో కన్నా స్పష్టంగా తెలుస్తుంది. మహబూబాబాద్ నుంచి గూడూరు, కొత్తగూడ మీదుగా గంగారం చేరి అక్కడి నుంచి లోపలికి వెళ్లాలి. అంగళ్ల వరుసలు లేవు. గుడి, దాని ముందు ఖాళీ జాగా, చుట్టూ ఇళ్లు, వాటి వెనక మొక్కజొన్న, వరి చేలు, ఆ వెనక గుట్ట. యాత్రికుడికి ఇక్కడ ‘చూడాల్సినవి’ అంటూ పట్టిక లేదు. కాకతీయ గణపతిదేవుడి కాలంలో, 1213లో కట్టించిన పాకాల చెరువు, దాని చుట్టూ ఉన్న పాకాల అభయారణ్యం ఈ గుట్టలకు పడమటి వైపున ఉన్నాయి. పూనుగొండ్ల చూసి తిరిగి వచ్చేటప్పుడు చెరువు కట్ట మీద గంట కూర్చోవచ్చు.

ఈ ఊళ్లను చూడటానికి కాలం ఎంచుకోవడమే కీలకం. ఫాల్గుణం నుంచి మొదలుపెట్టవచ్చు. తునికి చెట్లకు కొమ్మ కొట్టే పని అప్పుడే జరుగుతుంది. కొట్టిన చోట మెత్తని చిగురు వేసి, ఏప్రిల్ చివరికి ఆకు కోతకొస్తుంది. తెల్లవారక ముందే ఇంటిల్లిపాదీ అడవికి పోయి ఎండ ముదిరేలోపు ఆకుతో తిరిగొస్తారు. తర్వాత అరుగు మీద కూర్చుని 50 ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కడతారు. సాయంత్రం కట్టలు కల్లానికి చేరతాయి. అక్కడ కల్లేదారు లెక్క చూసుకున్నాక నేల మీద వరుసగా పరిచి ఎండబెడతారు. వెయ్యి కట్టలకు ఒక ప్రమాణ సంచి. సీజను నాలుగైదు వారాలకు మించదు, మధ్యలో వడగళ్ల వాన పడిందంటే ఆకు మచ్చపడి లెక్క తప్పుతుంది. అయినా ఏడాదిలో చేతికి నగదు ఒక్కసారిగా వచ్చేది ఈ పనిలోనే. మే నెల ఎండకు భయపడి యాత్రికులు ముఖం చాటేస్తారు గాని, ఊరు పూర్తిగా పనిలో ఉన్నప్పుడు చూడాలంటే అంతకన్నా మంచి నెల లేదు.

తునికాకుకు ముందు ఇప్పపువ్వు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రంతా రాలిన పూలను పొద్దున్నే ఏరుకుంటారు. పువ్వు కనిపించాలంటే చెట్టు కింద ఎండుటాకు లేకుండా ఉండాలి. ఊడ్చేందుకు బదులు కొందరు నిప్పు పెడతారు, అది గాలికి పాకుతుంది. ఎండాకాలపు అడవి మంటలకు ఉన్న కారణాల్లో ఇదొకటి. యాత్రికుడు విసిరిన బీడీ ముక్క, ఆర్పకుండా వదిలిన వంట పొయ్యి కూడా ఆ జాబితాలోనివే. ఏరిన పువ్వును ఎండబెట్టి వండుకుంటారు, సారా కాస్తారు, గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. కాయల నుంచి నూనె తీస్తారు. మొర్రిపండ్లు, సారపప్పు, బంక, తేనె, చింతపండు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి.

వానాకాలంలో అడవి పచ్చగా ఉంటుంది, దారులే ఉండవు. వాజేడు మండలంలోని బొగత జలపాతం చూడటానికి జులై, ఆగస్టుల్లో జనం విరగబడతారు. ఆ నెలల్లోనే చాలా గూడేలకు వాగు దాటే దిక్కుండదు. 2023 జులై చివరి వారంలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందు నమోదు కాలేదు. పాత రికార్డు 2013లో వాజేడుది, 517.5 మిల్లీమీటర్లు. 2023 నాటి ఆ వానకు జంపన్నవాగు కొండాయిని ముంచెత్తి ప్రాణాలు తీసింది. మేడారం గద్దెల దాకా నీరు వచ్చింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు మోరంచపల్లిని ముంచితే ఊరివారిలో చాలామంది ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. జాతరలో స్నానాల కోసం లక్నవరం చెరువు నుంచి నీళ్లు వదిలితే తప్ప నిండని వాగేనా ఇది అనిపిస్తుంది. ఇక్కడి వాగుల తీరే అంత. మాఘంలో మోకాలి లోతు, శ్రావణంలో ఊరంత.

మరుసటి ఏడాది అడవికే దెబ్బ తగిలింది. 2024 ఆగస్టు 31 సాయంత్రం తాడ్వాయి, మేడారం మధ్య సుడిగాలి లేచి సుమారు 200 హెక్టార్లలో వేల చెట్లను వేళ్లతో సహా పెకలించింది. కొన్ని చెట్లు నడిమికి విరిగాయి. జంతువులు, మనుషులు ఎవరూ చనిపోలేదు. ఇక్కడ మట్టి పొర పలచన, వేళ్లు లోతుకు దిగవు, అందుకే అంత పెద్ద మాకులు అంత తేలిగ్గా పడ్డాయన్నది అప్పట్లో వినిపించిన వివరణ.

ఇక అభయారణ్యం మాట. హైదరాబాద్ రాష్ట్రం ఉన్న రోజుల్లో, 1950ల తొలినాళ్లలో ప్రకటించిన ఏటూరునాగారం అభయారణ్యం విస్తీర్ణం 806 చదరపు కిలోమీటర్లు. గీత గీసేటప్పటికే మేడారం, కన్నెపల్లి, ఊరట్టం, కొండాయి అక్కడ ఉన్నాయి. ఊళ్లు అడవిలోకి చొరబడ్డాయనే మాట నగరాల్లో వినిపిస్తుంటుంది గాని, ఇక్కడ ఊళ్ల మీదికి వచ్చింది అభయారణ్యం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం జాతీయ పార్కులో ప్రజల హక్కులన్నీ తీరిపోవాలి. అభయారణ్యంలో కొన్ని హక్కులు మిగలవచ్చు. మన జాతీయ పార్కులో ఊరు ఉండటం చట్టానికి ఇబ్బంది, అభయారణ్యంలో ఉండటం సహజం. యూరప్‌లో ఈ విషయంలో ఒకే పద్ధతి లేదు. 1914లో ఏర్పడిన స్విస్ జాతీయ పార్కులో మనిషి నివాసానికి, పశువుల మేతకు చోటు లేదు. స్లోవేనియాలోని త్రిగ్లావ్ జాతీయ పార్కు లోపల మాత్రం ట్రెంటా వంటి కొండ పల్లెలు గొర్రెలతో, పచ్చిక మైదానాలతో అలాగే బతుకుతున్నాయి, యాత్రికులకు గదులు అద్దెకిస్తున్నాయి. మేడారం చుట్టుపక్కల ఊళ్లు ఆ రెండో దారికి దగ్గర. ఒక్క తేడా ఏమిటంటే, గదుల అద్దె ఇక్కడ ఊరివారి చేతికి వచ్చేది తక్కువ.

హక్కుల తగువు తీరలేదు. మేడారం చుట్టుపక్కల ఊళ్లు ఐదో షెడ్యూలు ప్రాంతంలో ఉన్నాయి. గిరిజనేతరులకు భూమి బదిలీని 1/70 చట్టం నిషేధిస్తుంది, గ్రామసభకు పెసా చట్టం అధికారమిస్తుంది, పోడు భూమికి 2006 అటవీ హక్కుల చట్టం పట్టా ఇస్తుంది. 2023 జూన్ 30న రాష్ట్రవ్యాప్తంగా పోడు పట్టాల పంపిణీ మొదలైంది. ఆ పట్టాలు అందనివారు గుత్తికోయలు. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మావోయిస్టు వ్యతిరేక ‘సల్వాజుడుం’ మొదలయ్యాక అక్కడి హింసకు తట్టుకోలేక గోదావరి దాటి వచ్చి, తాడ్వాయి, ఏటూరునాగారం, మహాముత్తారం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఇక్కడి రికార్డుల్లో వారికి తెగ హోదా లేదు, చాలా గూడేలకు కరెంటు లేదు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి అడవిలోని జలగలంచలో అటవీశాఖ వారి గుడిసెలను కూల్చడం పెద్ద వివాదమైంది. రోడ్డు మీద తేనె సీసా, వెదురు బుట్ట పట్టుకుని నిలబడే మనిషి ఆ గూడేల నుంచి వచ్చి ఉండవచ్చు. గూడేల్లోకి చెప్పాపెట్టకుండా కెమెరాలతో వెళ్లడం మర్యాద కాదు.

జంతువుల విషయంలో పెద్ద ఆశలు పెట్టుకోకూడదు. చుక్కల దుప్పి, మనుబోతు, కొండగొర్రె, ఎలుగుబంటి, అడవిదున్న ఈ అడవిలో ఉన్నాయి. రోడ్డు మీద నుంచి కనిపించేవి ఎక్కువగా కోతులే. పులులు స్థిరంగా లేవు గాని, గోదావరి ఆవల ఇంద్రావతి పులుల అభయారణ్యం వైపు నుంచి వస్తూ పోతూ ఉంటాయి. 2024 డిసెంబరులో అలా వచ్చిన పులి జాడలు ములుగు నుంచి నర్సంపేట వైపు దాకా కనిపించాయి. అడవి పందుల కోసం పెట్టే ఉచ్చులు, కరెంటు తీగలు వాటికి అతి పెద్ద ముప్పు.

రహదారిపై వెళ్లేవారికి అనుమతి అక్కర్లేదు. దారి వదిలి అడవిలోకి నడవాలంటే అటవీశాఖను అడగాలి. అడవిలో నిప్పు రాజేయడం నేరం. బస తాడ్వాయిలో అటవీశాఖ కుటీరాల్లోనో, లక్నవరం చెరువు దగ్గర పర్యాటక సంస్థ గదుల్లోనో దొరుకుతుంది. తాడ్వాయిలో దిగినవారు ఆ పరిసరాల్లోని దామరవాయి గుట్ట కూడా చూడవచ్చు. దాని మీద పెద్ద ఇసుకరాతి పలకలు నిలబెట్టి, పైన మరో పలక కప్పిన ఆదిమ సమాధులు వందకు పైగా ఉన్నాయి. ఊరివారు వాటిని రాక్షసగుళ్లు అంటారు. లోపల రాతి తొట్లు ఉన్నాయి. కొన్ని పలకలు కూలిపోయాయి, నిధుల కోసం తవ్విన గుంతలూ కనిపిస్తాయి. గుట్ట ఎక్కే బాట వానలకు చెరిగిపోతుంది కాబట్టి ఊరివారిలో ఒకరిని తోడు తీసుకుని, వారి రోజు కూలికి తగ్గకుండా ఇచ్చి వెళ్లాలి. పొద్దున్నే బయలుదేరితే ఎండెక్కే లోపు దిగి రావచ్చు. నీళ్లు వెంట తీసుకెళ్లాలి, గుట్ట మీద దొరకవు.